మేరీ అత్త ఇంట్లో మా యమ్మ సంచి

ఏమే సాయిశ్రీ, ధర్మవరం పోతాండావంట? మీ యమ్మ చెప్పిందిలే. స్నేహితురాలింటికంట, నాలుగు దినాలుండి వస్తావంట. పో తల్లీ, నేనేమన్నా వద్దంటానా. ఆ ఫోను కొంచేపు బోర్లా పెట్టి ఈడ కూర్చో, ఫ్యాను కింద. నువ్వు బట్టలు సర్దుకుంటాంటే నాకు మా యమ్మ మతికొచ్చింది. నువ్వు చూళ్లేదు, మీ నాయన కూడా చూళ్లేదు. పాపమ్మ ఆమె పేరు. ఆమె కూడా ధర్మవరంలో స్నేహితురాలింటికి పోవల్లనే సంచి సర్దింది. సర్దింది సరే, ఆ సంచి ఎండాకాలం మీద ఎండాకాలం పక్కింట్లోనే పడుండె. నవ్వద్దు, నిజమే చెప్తాండా.

మా యమ్మ పుట్టింది పెనుకొండలో. ఆ వీధిలోనే పుష్పావతి అని ఒకామె, నేతోళ్ల బిడ్డ. మావాళ్లు అంగడి పెట్టుకున్నోళ్లు. కులం వేరైనా ఇద్దరూ ఒక గడప మీద అచ్చనగాయలాడి పెరిగినోళ్లు. పెండ్లిండ్లయినాక ఈమె ఈ పక్క హిందూపురం, ఆమె ఆ పక్క ధర్మవరం. పెనుకొండలో కలుసుకుందురు గానీ, పుష్పావతమ్మ పుట్టింటోళ్లు ఇల్లమ్ముకొని పోయిరి. ఇంగ ఆమె ఆడికి ఎవురికోసమొస్తాది చెప్పు. అప్పుడేమన్నా మీకు మాదిరి ముఖాలు చూసుకుంటా మాట్లాడే ఫోన్లా ఏమన్నానా. రామాంజనేయులు అని ఒకాయన ధర్మవరం నుంచి చీరల మూట భుజానేసుకొని మా వీధికి వస్తాండె. ఆయనే మాటలు మోసేది. 'పాపమ్మక్కా, పుష్పావతక్క ఈ ఎండాకాలమన్నా రమ్మనింది. నీ గొంతు ఎట్లుంటాదో మర్చిపోయినానని చెప్పమనింది' అని అరుగు మీద కూర్చొని చెప్పి, మజ్జిగ తాగి పోతాండె.

ఎండాకాలమంటే మీకు సెలవులు. మాకు చింతపండు. మా నాయన ఆదెప్పది చింతపండు యాపారం గదా, ఉగాది వస్తాంటే బండ్లు దిగుతాండె. ఇల్లంతా పులుపు వాసనే. మా జేజి, అంటే మా నాయనను కన్నామె, రాయి ముందర పెట్టుకొని కూర్చుంటే పొద్దు మునిగేదాకా గింజలు కొట్టేదే. ఆమె పక్కన మా యమ్మ. మా యమ్మ వేళ్ల సందులు ఎప్పుడు చూసినా పుండ్లే, పులుపుకి. అట్లా కూర్చొని కొడతా కొడతా ఒకదినం మెల్లగా అడిగె, 'అత్తా, ధర్మవరం పోయొస్తా' అని. నేను ఆడనే గింజలతో ఆడుకుంటాంటి. జేజి వద్దనలేదు. ఆమె ఎప్పుడూ వద్దనేది కాదు, అదే ఆమెతో తంటా. 'ఎవురిదే పెండ్లి?' అనె. పెండ్లి కాదనె మా యమ్మ. 'పోనీ ఎవురన్నా పోయినారా?' లేదు, స్నేహితురాలిల్లు, ఊరికే. 'ఊరికేనా? ఆడదానికి పుట్టినిల్లొకటి, మెట్టినిల్లొకటి. ఈ మూడో ఇల్లు యాడిదే?' అని నవ్వె. కోపంగా కాదు, నిజంగానే తెలీక అడిగినట్టు. నాకు ఆ మాట పట్టుకునె. ఊరికే ఒకరింటికి పోతే ఆడ ఏం చేస్తారబ్బా అని. పెండ్లి లేదు, పురుడు లేదు. మరి పోయి కూర్చొని ఒకరి మొగం ఒకరు చూసుకుంటారా? రాత్రిళ్లు పండుకొని అదే యోచన చేస్తాంటి.

మా నాయనను అడిగితే 'మా యమ్మనడుగు' అంటాడు. ఆమెనడిగితే 'నాదేముందే, వారం చూసుకో' అంటాది. వారం చూస్తే మంగళ, బుధ ఉత్తరం దిక్కుకి శూల. ధర్మవరం మనకి ఉత్తరమే గదా. శుక్రవారం ఇంటి కోడలు గడప దాటకూడదు. గురువారం బండ్లొస్తాయి. ఇంగేదో ఒక దినం మిగిల్తే ఆ దినం జేజికి మోకాళ్లు నొస్తాయి. అయిపాయ.

మా యమ్మ నోరెత్తే మనిషి కాదు. ఏం చేసిందంటే, ప్రస్థానం పెట్టింది. నీకు తెల్దులే. మంచి దినం ఉన్నప్పుడు మనం పోలేకపోతే, మన సంచి ఒకటి పక్కింట్లో పెట్టేది. ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ మీదట ఏ వారం పోయినా దోషం లేదు. కానీ ఒకటుంది, పెట్టిన సంచిని పోకుండా మళ్లీ ఇంట్లోకి తేకూడదు, అది ఇంటికి కీడు. ఒక ఆదివారం పొద్దున మా యమ్మ తల స్నానం చేసి, గుడ్డ సంచిలో పసుపు, గుప్పెడు బియ్యం వేసి, బట్టలు సర్ది, గోడవతల మేరీ అత్త ఇంట్లో పెట్టొచ్చె. మేరీ అత్త మొగుడు రైల్వేలో గ్యాంగ్‌మాన్. జేజికి తెలిసి, గోడ మీదనుంచి, 'ఏమ్మా మేరీ, మీరు వేరే దేవుణ్ణి కొలిచేటోళ్లు. మీ ఇంట్లో పెట్టిన ప్రస్థానం మాకు చెల్లుతాదా?' అనె. మేరీ అత్త బట్టలు పిండుతా, 'మా దేవుడూ పుట్టిన కాన్నుంచి ప్రయాణాలు చేసినోడే పెద్దమ్మా, చెల్లుతాదిలే' అనె.

అయితే జేజి మా యమ్మ కంటే పది ఆకులు ఎక్కువ చదివినామె. 'మంచి పనే చేస్తివి. ప్రయాణం మొదలైనట్టే గదా, ఇంగ తొందరేముంది. ఈ లోడు గింజ తీసి పో' అనె. ఆ లోడయితే ఇంకో లోడు. వానలొచ్చె, బడి తెరిచిరి. సంచి ఇంట్లోకి తెచ్చేదానికి లేదు, ఊరికి పోయేదానికి లేదు. దీపాలు పెట్టే వేళకు మా యమ్మ మేరీ అత్త ఇంటికి పోయి, సంచిలో బట్టలు దులిపి మళ్లీ మడతపెట్టి వస్తాండె. జేజి చూస్తానే ఉంటాది. ఆ సంచిలో ఏముందో చూడల్లని నాకు ఒకటే ఆత్రం. మా యమ్మ చూడనీదు. ఒకదినం మేరీ అత్త బావికి పోయినప్పుడు దూరి చూసినా. ఒక చీర, రవికె, దువ్వెన, దాని కింద నా పూల గౌను. పోయినేడు కుట్టించింది, యాడ పోయిందా అని నేను ఇల్లంతా వెతుక్కుంటి. తీసి ఒంటి మీద పెట్టుకొని చూస్తే సరిగ్గా సరిపోతాంది. ఎట్లబ్బా, నేను పొడుగైనా గదా అని కింద చూస్తే, అంచు విప్పి కొత్తగా కుట్టి ఉంది. దారం వేరే రంగు. నేను పెరిగేకొద్దీ విప్పుతా, కుడతా ఉండాదన్నమాట. నేను మళ్లీ మడిచి అట్లే పెట్టేసి వస్తి. ఎవురికీ చెప్పలే.

ఆ మరుసటేడు ఎండాకాలం రామాంజనేయులు వచ్చి, చీరల మూట కూడా దించకుండా చెప్పె. 'పాపమ్మక్కా, వాళ్లు మగ్గం అమ్ముకొని షోలాపూరు పోతాండారు. బడులు తెరిచేలోపల పోతారంట. మళ్లీ ఈ దిక్కుకి వస్తారని నాకు నమ్మకం లేదు. పోతే ఇప్పుడే పోవల్ల.' మా యమ్మ ఆ దినం గింజలు కొడతా కొడతా వేలు మీద కొట్టుకునె. జేజి ఆ వేలుకి తడిగుడ్డ చుట్టె గానీ, పొమ్మని మాత్రం అనలే. ఆమెకి కోడలంటే ప్రేమ లేక కాదు తల్లీ. పొమ్మనేది ఎట్లో ఆమెకి ఎవురూ చెప్పలే.

ఇంగ చూడు. మేరీ అత్త మొగుణ్ణి ధర్మవరానికి మార్చిరి. సామాను కట్టుకొని, జట్కా వాకిట్లో నిలబెట్టుకొని, మేరీ అత్త ఆ సంచి చేతిలో పట్టుకొని మా ఇంటి ముందరికి వచ్చె. గడప ఎక్కలే. వీధిలోనే నిలబడి, నలుగురూ వినేటట్టు, 'పెద్దమ్మా, ఇది మీ ఇంట్లో పెట్టేదానికి లేదు. తాళమేసిన ఇంట్లో వదిలేదానికి లేదు. నేను నాతో ధర్మవరం తీస్కపోతా. మనిషి రాకుండా సంచి ఒకటే ఊరు చేరితే ఏమన్నా దోషముందా? మాకు తెలీదు, మీరే చెప్పల్ల' అనె. ఈ తెలివి మేరీ అత్తదేనా, మా యమ్మ చెప్పించిందా, నాకు ఇప్పటికీ తెల్దు. మా యమ్మ వాకిట్లో చేతులకు చింతపండు పూసుకొని నిలబడి ఉంది. మొగంలో ఏమీ కనపడలే. జేజి సంచిని చూసె, కోడల్ని చూసె. 'మనిషి లేకుండా పోతే ఎట్లమ్మా' అనె, గొణుగుతాన్నట్టు. మా నాయన అంగట్లోంచి తల బయటపెట్టి, 'అమ్మా, ఈ పొద్దు మంగళవారం, ఉత్తరం...' అంటాంటే జేజి, 'ప్రస్థానం పెట్టినాక వారమేందిరా, నోర్మూసుకో' అనె. అని మా యమ్మతో, 'చేతులు కడుక్కొని జట్కా ఎక్కు. బిడ్డను కూడా తీస్కపో' అనె.

బొగ్గింజను రైలు ఎక్కితిమి. పెనుకొండలో ఆగితే మా యమ్మ కిటికీలోంచి కొండనే చూస్తా ఉండె గానీ, దిగలే. ధర్మవరంలో పుష్పావతమ్మ ఇల్లు చిన్నది, మగ్గమే సగమిల్లు. వాళ్లాయన వెంకటేశ్వర్లు మగ్గం కింద గుంతలో కాళ్లు పెట్టుకొని నేస్తాండాడు. అమ్మే ముందర ఆఖరి చీరంట. నేను చూస్తాండా, ఇప్పుడేం మాట్లాడుకుంటారో, ఊరికే పోతే ఏం చేస్తారో తెలుస్తాదని. ఏడ్చుకుంటారేమో అనుకుంటి. పుష్పావతమ్మ మా యమ్మ చేతులు పట్టుకొని, వేళ్ల సందులు విప్పి చూసె. చూసి, కొబ్బరినూనె పూసి, ఒక చాప వేసి, 'కొంచెం నడుం వాల్చు పాపా' అనె. మా యమ్మ వాల్చింది. వాల్చి నిద్రపోయింది. ఎండ వాకిట్లో ఉన్నప్పుడు పండుకొనింది, అది గోడెక్కి పోయినా లేవలే. నేను పుట్టినాక మా యమ్మ నిద్రపోయేది చూసిందే లేదు, నేను పండుకున్నాక పండుకొని నేను లేయకముందే లేస్తాండె. జరమొచ్చిందేమో అని భయపడి నేను కాళ్లు తాకి చూస్తాంటే, పుష్పావతమ్మ నన్ను ఒళ్లోకి లాక్కొని, మొగునితో, 'ఏమయ్యా, మగ్గం ఆపు' అనె. ఆయన 'చీర అర్జెంటు గదా' అనె. 'ఆపు, చప్పుడుకి అది లేస్తాది' అనె. ఆయన గుంతలోంచి కాళ్లు తీసి, వీధి అరుగు మీద పోయి కూర్చునె.

మేము తిరిగొచ్చినాక జేజి మా యమ్మను ఏమీ అడగలే. మా యమ్మ మళ్లీ రాయి ముందర కూర్చునె. ఒక మధ్యాన్నం జేజి నన్ను దొడ్లోకి పిల్చి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, 'ఆడ ఏం చేసిరే?' అనె. అమ్మ నిద్రపోయింది అంటి. 'పగలా?' పగలే. 'ఎవురూ లేపలేదా?' లేదు జేజీ, మగ్గం కూడా ఆపిరి, అంటి. ఆమె నా మొగమే చూస్తా, 'మగ్గం ఆపిరా' అనె. అని దొడ్డి గోడకానుకొని కూర్చొని, పట్టపగలే కండ్లు మూసుకునె...

అదో, కుక్కరు కూస్తాండాది. మీ యమ్మ మిద్దె మీద ఉన్నట్టుంది. పోయి చూడు పో.