గురువారానికి మాగిన కుప్ప

మా దాణా కొట్టు అరుగు మీద పొద్దున్నే తవుడు లారీ కోసం జనం చేరతారు. లారీ ఏనాడూ టైముకి రాదు కాబట్టి కుప్ప బాబాయ్‌కి మాట్లాడ్డానికి తీరికే తీరిక. పశువుల కొట్టం వెనక ఆయన వేసే ఎరువు కుప్ప ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ కుదరదు, ఆ పేరు అందుకే వచ్చింది. కుప్పలో పస ఉంది, సందేహం లేదు. దాని గురించి ఆయన చెప్పేదాంట్లో ఎంత పస ఉందన్నది వేరే సంగతి.

ఆ రోజు టమాటా తోట అమ్మాయి కూడా వచ్చింది. మొగుడు దూరాలు తిరిగే లారీ డ్రైవరు, పొలం తనే చూసుకుంటోంది. మొదట నాటిన నారు వేళ్లు మాడి మొత్తం పోయింది. మళ్లీ నాటింది. ఇది కూడా పోతే పొలం కౌలుకిచ్చేస్తానని వాళ్ల అత్తగారు తేల్చి చెప్పేసింది. అందుకని ఆ పిల్ల వస్తూనే, కూర్చోకుండానే అడిగింది.

"మామయ్యా, ఎరువు కుప్ప చల్లడానికి పనికొచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?"

బాబాయ్ టీ గ్లాసు అందుకుని వెనక్కి జారగిలబడ్డాడు.

"కూర్చో అమ్మాయ్, నా కుప్ప సంగతి వింటే నీకే తెలిసిపోతుంది. ఒకరోజు మీ అత్తయ్య, ఈ కంపుకి వంటింటి కిటికీ తెరవలేకపోతున్నాను, ఆ పేడన్నా ఉండాలి నేనన్నా ఉండాలి అని కూర్చుంది. నేను ఆలోచించాను. పేడ లేకపోతే పంట లేదు, మీ అత్తయ్య లేకపోతే అన్నం లేదు. ఇద్దరూ ఉండాలి. అప్పుడేం చేశానో తెలుసా? ఎండుటాకులు ఒక వరస, పేడ ఒక వరస, కూరగాయల తొక్కులు, గేదెలు తినకుండా తొక్కేసిన గడ్డి, మళ్లీ ఎండుటాకులు, పైన కాసిని నీళ్లు. సాయంత్రానికి కంపు లేదు. ఒక ఈగ వచ్చింది, చుట్టూ తిరిగి చూసింది, ఇక్కడ మనకి పని లేదనుకుని వెళ్లిపోయింది."

"నీతో చెప్పి వెళ్లిందా బాబాయ్?" అన్నాడు పాలాయన.

"మొహం చూస్తే తెలియదట్రా. సరే, మర్నాడు పొద్దున్న గడ్డపార కుప్ప నడిమధ్యకి దింపి బయటికి లాగితే చెయ్యి చుర్రుమంది. ఇది మాత్రం నిజం, ఎవరైనా చేసి చూసుకోవచ్చు."

"అంటే మిగతావి?"

"మిగతావి ఇంకా నిజం. అంత వేడి వృథాగా పోతోందని టీ గిన్నె పెట్టాను, పొంగింది. బిందెతో నీళ్లు పెట్టాను, కాగాయి. అంతే, వీధి వీధంతా బకెట్లు పట్టుకుని మా కొట్టం వెనక లైను కట్టారు. గ్యాస్ బండాయన వచ్చి మా గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఊరుకో నాయనా, నీకూ ఓ బకెట్టు పోస్తాలే అని ఓదార్చి పంపాను. అదీ కాదు, ఆ చలికి మా గేదె వెళ్లి కుప్పకి ఆనుకుని పడుకుంది. తెల్లారి పాలు పితుకుదామని కూర్చుంటే ఏమైందో తెలుసా? చెంబులో పడేవన్నీ కాగిన పాలు."

పాలాయన వృత్తి ధర్మంగా అడిగాడు. "మీగడ కట్టిందా మరి?"

"అదే కదా నా బాధ. మీగడ అడ్డం పడి నాలుగో ధార రాలేదు."

అందరం నవ్వాం. అమ్మాయి నవ్వలేదు. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "అది సరే మామయ్యా, కుప్ప మధ్యలో వేడి ఉండగా చల్లొచ్చా, కూడదా?" అంది.

"అక్కడికే వస్తున్నా. ఎంత దాకా చెప్పాను? ఆఁ, సోమవారం వేసిన కుప్ప. బుధవారం ఒకసారి తిరగేశాను, లోపలిది బయటికి, బయటిది లోపలికి. గురువారం చూస్తే నల్లగా, పొడిపొడిగా, కాఫీ పొడికీ దానికీ తేడా తెలియదు. ట్రాలీకి ఎత్తించుకుని పొలానికి బయల్దేరాను. సగం దారిలో వెనక్కి చూస్తే ట్రాలీ చెక్కలకి చిగుళ్లు. చెరువు దాటేసరికి కొమ్మలు. పొలం చేరేసరికి నా నెత్తిన చక్కటి నీడ."

"నీ ట్రాలీ ఇనపది కదా బాబాయ్?" అన్నాను నేను. బస్తాలు అందులోనే వేసుకెళ్తాడు, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

"ఇనపది తర్వాత కొన్నాను. చెక్కదాన్ని మేకలు మేసేశాయి. ఇక ఆ ఎరువు వేసి వంగ మొక్క నాటాను. నాటి, నడుం మీద చెయ్యి వేసుకుని అలా నిలబడ్డాను చూడు, నా చొక్కా కొమ్మకి తగులుకుని నన్ను కూడా పైకి తీసుకుపోయింది. అక్కణ్ణుంచి మా ఇంటి పెరడు కనిపిస్తోంది. మీ అత్తయ్యని కేకేసి నిచ్చెన తెమ్మన్నాను. ఆవిడ తెచ్చేసరికి నిచ్చెన చాలలేదు. పైన ఉన్నన్నాళ్లూ వంకాయలే తిన్నాను, ఏం చేస్తాను. ఎరువంటే అదీ. సోమవారం వేస్తే గురువారానికి సిద్ధం. చేసే చేతిని బట్టి ఉంటుంది."

అమ్మాయి లేచి నిలబడింది.

"ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది మామయ్యా. నాదీ సోమవారం కుప్పే. ఇవాళ గురువారం. బండికెత్తించి మలుపులో నిలబెట్టాను. వెళ్లి మొక్కల మొదళ్లలో వేయించేస్తాను."

బాబాయ్ నోటి దాకా వెళ్లిన గ్లాసు కిందికి దిగింది.

"ఆగు."

"ఎండెక్కితే కూలీలు ఆగరు మామయ్యా."

"ఆగమన్నానా. ఎరువు పట్టుకుంటే వేడిగా ఉందా?"

"ఉంది."

"ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుకి కళ్లు మండుతున్నాయా?"

"మండుతున్నాయి."

"ఆకు ఆకులాగే కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"అయితే ఒక్క తట్ట కూడా వెయ్యకు. పచ్చి పేడ అది. మొక్కల మొదళ్లలో వేశావంటే ఆ వేడికీ ఘాటుకీ లేత వేళ్లు మాడిపోతాయి, దాంట్లో ఉన్న కలుపు గింజలన్నీ మొలుస్తాయి. బండి వెనక్కి తిప్పించు. మళ్లీ కుప్ప వేసి, వారం పది రోజులకోసారి తిరగెయ్యి. పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టిందా ఎండుటాకులు కలుపు, అసలు రాలేదా నీళ్లు చల్లు. తిరగేసినా ఇక వేడెక్కకూడదు. వాన పడ్డ మట్టి వాసన రావాలి. అప్పుడు చల్లు." ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఆయన గొంతులో అంత కంగారు నేనెప్పుడూ వినలేదు.

"ఎన్నాళ్లు పడుతుంది మామయ్యా?"

"మూడు నాలుగు నెలలు."

"మీ చెయ్యి అయితే?"

బాబాయ్ మా మొహాలు చూశాడు, గ్లాసు చూశాడు. "నాకూ నాలుగు నెలలే," అన్నాడు.

పాలాయన నవ్వబోయి, అమ్మాయి మొహం చూసి మానేశాడు.

"బండి లేదు మామయ్యా," అంది ఆ పిల్ల నెమ్మదిగా. "కుప్ప వేసినచోటే ఉంది. మామూలుగా అడిగితే కథ చెప్తాడు, పంట మీదికి తెచ్చుకుంటున్నానంటే నిజం చెప్తాడు అని మీ ఇంట్లో అత్తయ్యే నేర్పించి పంపారు."

"అదేంటమ్మాయ్, మామూలుగా అడిగితే చెప్పనా నేను?"

"మొదటి నారు నాటినప్పుడు ఇక్కడే అడిగాను. అప్పుడూ ఈ గురువారం కథే చెప్పారు. నాకు వ్యవసాయం కొత్త. గేదె పాలు నమ్మలేదు గానీ గురువారం నమ్మాను." చెంగు వదిలేసింది. "అప్పుడు బండి నిజంగానే ఉంది మామయ్యా."

బాబాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ గురువారం ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారి కూడా కాదనలేదు.

బాబాయ్ లేచి చెప్పులు వెతుక్కున్నాడు. "కొట్టం వెనక పాత కుప్ప ఉంది. నాలుగు నెలలు దాటింది, బాగా మాగింది. నా ట్రాలీలోనే నీ పొలానికి తోలిస్తాను, పద."

"ఇస్తే తీసుకుంటాను," అంది అమ్మాయి, మెట్టు దిగుతూ. "కానీ ముందు నేనే చెయ్యి పెట్టి చూసుకుంటాను మామయ్యా."

బాబాయ్ తలూపి, ఆమె వెనకే నడిచాడు.