రెండో టేక్

మొన్న సముద్రంలో మునిగిపోయిన గంగులు భార్య, అతని మీద షార్ట్ ఫిల్మ్ తీస్తున్న కాలేజీ అమ్మాయి భావనపాడు ఒడ్డున కూర్చున్నారు.

“మా మావ తెప్పేసుకుని ఎల్లింది కెమెరాలో ఉన్నాదా పాపా?”

“ఉందక్కా. రెండు టేకులూ ఉన్నాయి.”

“మొదటిది బాగా రాలేదేటి?”

“బాగానే వచ్చింది.”

“మరి మళ్లీ ఎందుకెల్లమన్నావు? కెరటాలు లెగుస్తన్నాయని మావ సెప్పలేదేటి?”

“చెప్పారు. బాగా వచ్చినా, సేఫ్టీకి ఇంకోటి తియ్యాలని మా సార్ నేర్పారక్కా.”



“రెండోది నాకొద్దు. మొదటిది పెట్టు. అందులో తిరిగొచ్చి తెప్ప ఒడ్డుకి లాగుతాడు కదా, అది సూస్తాను.”

“అది లేదక్కా. తెప్ప దూరమవగానే కట్ చెప్పి కెమెరా ఆపేశాను. ఆయన తిరిగొచ్చింది తియ్యలేదు.”