పద్మకుమారి గారి నాలుగు గిన్నెల క్యారేజీ

1986 ఆగస్టు పన్నెండో తేదీన గణితశాస్త్ర ఉపన్యాసకురాలిగా విజయనగరంలోని మన కళాశాలలో ప్రవేశించిన శ్రీమతి పద్మకుమారి గారు ఈ 2017 జూన్ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు వ్రాసే భాగ్యాన్ని సంచిక కమిటీ వారు నాకే కట్టబెట్టారు. స్టాఫ్‌రూములో ఆవిడతో అందరికంటే ఎక్కువగా వాదులాడింది నేనే గనుక కాబోలు!

2001లో కంప్యూటర్ విభాగం ప్రారంభమైనప్పుడు, ఆ బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు స్టాఫ్‌రూమంతా కిటికీలకేసి చూస్తుండగా, ఆవిడ నలభై నాలుగో ఏట వేసవి సెలవులు వదులుకొని, విశాఖలో కుర్రాళ్ల పక్కన బెంచీమీద కూర్చొని, ఆ విద్యను అభ్యసించి వచ్చారు. రోజూ కొత్తవలసలో ప్యాసింజరెక్కి, చేతిలో నాలుగు గిన్నెల క్యారేజీతో విజయనగరంలో దిగే ఆవిడకు నాటినుండి ఆ క్యారేజీయే పాఠ్యపరికరమైంది.

దాన్ని బల్లమీద పెట్టి ప్రోగ్రాములు రాయడం ఇలా బోధించేవారు: "క్యారేజీ ఒక ఆబ్జెక్టు, అంటే ప్రోగ్రాములో ఒక వస్తువు. లోపలి గిన్నెలు వేరే ఆబ్జెక్టులు. గిన్నె అంటే ఒక రకం క్యారేజీ అని రాశారో, సున్నా వేస్తాను. క్యారేజీకి గిన్నె ఉంది, అంతే. దీన్నే కంపోజిషన్ అంటారు." ఎవరైనా ఆశగా చెయ్యి చాపితే, "ఒసే, గిన్నెలో సెయ్యేటి? క్యారేజీనడుగు, వడ్డిస్తాది!" అని గదమాయించి, ఆ తరువాత నిజంగానే వడ్డించేవారు. పాఠం ముగిసేసరికి పిల్లల కడుపులు నిండేవి. ఆవిడకు మిగిలేది మూడింటికి ఓ పిడికెడు చల్లారిన అన్నం.

2013లో కోటబొమ్మాళి రైతుబిడ్డ ధనలక్ష్మి కంప్యూటర్ ప్రాక్టికల్ పరీక్షను ఆఖరి అవకాశంగా వ్రాస్తున్నది. తప్పితే విశాఖలో చేతికందిన ఉద్యోగం పోతుంది. ఆనాటి పర్యవేక్షణ నాది. బయటి పరీక్షకులు రాకమునుపే పద్మకుమారి గారు బల్లమీది క్యారేజీని తీసి వరండాలో పెట్టి వచ్చారు. ఆ పిల్ల కళ్లు దానికోసమే వెతుకుతుంటే నాకు ఒళ్లు మండింది. "ఏటమ్మా, అంత పట్టింపా?" అన్నాను. "అది ఎదురుగా ఉంటే జవాబు నేను చెప్పినట్టే అవుతుంది, మౌళి గారూ," అన్నారావిడ.

"గిన్నెలో ఏముందో బయటివాళ్లు నేరుగా చూడవచ్చా?" అని అడిగారు పరీక్షకులు, ఆ పిల్ల క్యారేజీ, గిన్నెల పేర్లతోనే రాసిన ప్రోగ్రామును చూసి. ధనలక్ష్మి ఖాళీ బల్లవైపు చూసి, "సూడకూడదు సార్. క్యారేజీనడగాల. అది గిన్నెనడిగి సెప్తాది," అన్నది.

"రేపు పప్పు గిన్నె తీసేసి పులుసు గిన్నె పెడితే?"

"పెట్టుకోనీండి సార్, నాకేటి? నానడిగీది క్యారేజీనే కదా!"

పరీక్షకులు పకపకా నవ్వి మార్కులు వేశారు. పద్మకుమారి గారు మాత్రం వరండాలోకి వెళ్లి, క్యారేజీని ఒళ్లో పెట్టుకొని ఏడ్చారు. నేను చూశాను. ఆ పూట నాకు ఆవిడపై కలిగిన గౌరవాన్ని ముఖాన చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లండి. ఇకనైనా ఒంటిగంట కొట్టగానే ఆ మూత మీకోసం మీరే తీసి, అన్నం వేడిగా ఉండగా తినండి.

— చంద్రమౌళి, భౌతికశాస్త్ర విభాగం