సున్నా వచ్చిన ఇల్లు

హలో… ఆఁ, నేనే అక్కా. వీధిలోనే ఉన్నా… చెత్త తూకాలైపోయాయి.

ఆ దర్జీ వాళ్ళింటికెళ్ళా… అదే, చెత్తలో తిండి సున్నా అని వచ్చిన ఇల్లు.

లేదు, ఫొటో తియ్యలేదు… ప్రశంసాపత్రమా? సంచిలోనే ఉంది. ఇవ్వలేదు.

చెప్తా… చెప్తానుండు.

రెండు నెలల కిందట వాళ్ళింట్లో రోజుకి ముప్పావు కిలో పోయేది, గుర్తుందా? మిగిలిన కూరలు, ఎండిన రొట్టె ముక్కలు… ఆ, తిండి పారెయ్యొద్దని మనం కరపత్రాలు పంచాక పావుకిలో అయింది. తర్వాత యాభై గ్రాములు. ఈ వారమంతా సున్నా… అవును, కరపత్రం పనిచేసిందని పెద్దసారు ఎగిరి గంతేశాడుగా.

ఎలా తగ్గించారో చెప్పమ్మా, రాసుకుంటానన్నా. పెన్ను పట్టుకుని మరీ…

ఆవిడ నవ్వింది. "పారెయ్యడానికేముందమ్మా" అంది.

పొదుపు కాదక్కా… వాళ్ళాయనకి చూపు తగ్గిపోయింది. సూదిలో దారం ఎక్కట్లేదట. కొట్టు మూసి నెల దాటింది.

ఊఁ… ఇద్దరు పిల్లలు. పెద్దదేగా నాకు త్రాసమ్మ అని పేరు పెట్టింది… ఆఁ, ఆ గడుగ్గాయే. ఇవాళ ఆటల్లేవు. గోడకి చేరగిలబడి కూర్చుంది.

ఇంకోటి… వాళ్ళ చెత్త సంచి మాత్రం ఎప్పుడూ బరువుగానే ఉండేది కదా? తడిపిన కాగితాలు. ఆవిడే కుక్కి కడుతోంది. గుమ్మం ముందు సంచి లేకపోతే పక్కింటివాళ్ళకి తెలిసిపోతుందని…

నేనా? విప్పి చూసి, కాగితం అని రాసుకున్నా. వారం రోజులూ.

"మీరు రావడం మానకండమ్మా" అని చెయ్యి పట్టుకుంది.

…లేదు, ఏడవట్లేదు. నిజంగా. ఏమీ అనిపించట్లేదు. అంతే.

నా అన్నం డబ్బా ఇచ్చేశా… నలుగురికి ఏ మూలకక్కా?

మీటింగా? రేపు పొద్దున్నే కదా. ఆ ఇల్లు లెక్కలోంచి తీసెయ్… తెలుసు, వీధి సగటు పెరుగుతుంది. పెరగనీ—

ఏంటీ?… తియ్యకూడదా?…

…అవున్లే. తీసేస్తే అసలు లేనట్టే అయిపోతారు.

అయితే పక్కన రాయి. ‘ఇంట్లో తిండి లేదు’ అని… అందుకు గడి లేకపోతే అంచున రాయి. పెద్దసారు అరిస్తే నా పేరు చెప్పు.

సాయంత్రం నువ్వూ వస్తావా?… సరే. సరుకులు మన తూకం సంచుల్లో పెట్టి తెద్దాం. చూసేవాళ్ళు చెత్త కోసం వచ్చామనుకుంటారు.

లేదు, ఆఫీసుకి ఇప్పుడే రాను. ఈ వరసలో ఇంకో మూడు సున్నాలున్నాయి… ఆఁ, మొన్న మనందరం చప్పట్లు కొట్టినవే.

మొదటి ఇంటి ముందే ఉన్నా. తలుపు కొట్టా…

ఏమో… ఏం అడగాలో తెలీదు. తిన్నారా అని అడుగుతా.

ఆ, ఎవరో వస్తున్నారు… పెట్టేస్తున్నా.