కన్ను కొట్టిన కుడివైపు

ఏంటే, మొహం అలా వేలాడేసుకున్నావు? రేపు డాక్టరమ్మకి ఏం చెప్పాలనా? రొమ్ము తీశాక పెట్టే ఇంప్లాంటు ఛాతీ కండ కిందా, కండ పైనా... ఓసి పిచ్చిదానా, ఈ ఇంట్లో ఆ పంచాయితీ ఎప్పుడో జరిగింది. మీ అమ్మమ్మకి, అదే, మా అక్కకి. మీ అమ్మ చెప్పలేదూ? అది చెప్పదులే, దానికి సిగ్గు. నాకేం సిగ్గు, ఈ వయసులో! ఇటు జరుగు, ఆ దిండు ఇలా ఇయ్యి.

మా అక్కా బావా బేకరీ నడిపేవాళ్లు కదా. పొయ్యి దగ్గర బావ, పిండి బల్ల దగ్గర అక్క. పిండి కలిపే మిషను కొందామే అని బావ అంటే, 'మిషనుకి పిండి మనసు తెలుస్తుందా' అనేది. అంత పొగరు. పొగరంటే గుర్తొచ్చింది, ఓసారి మా బావ ఉప్పు వెయ్యడం మర్చిపోయి... సర్లే, అది వేరే భాగోతం. ఏం చెప్తున్నాను? ఆఁ, కుడి రొమ్ములో గడ్డ. రొమ్ము తీసేసి అక్కడే ఇంప్లాంటు, అదే, సిలికాను తిత్తి పెడతామన్నారు. 'ఏం పని చేస్తారమ్మా?' అని డాక్టరు అడిగాడు. మా అక్క ఏమందో తెలుసా? 'ఏముంది బాబూ, ఇంట్లోనే ఉంటాను' అంది! నేను నోరు తెరవబోతే కాలు తొక్కింది. బయటికొచ్చి నిలదీస్తే, 'పిండి పిసుకుతానంటే మానెయ్యమంటాడే. మానేసి నేనేం కాను?' అని ఏడ్చింది. గడ్డ అన్నప్పుడు ఏడవలేదు, దీనికి ఏడ్చింది. పాపం ఆయనకేం తెలుసు? సన్నటి మనిషి, పైన కప్పడానికి కొవ్వు లేదు, కండ కింద దాస్తే నున్నగా ఉంటుందని అక్కడే పెట్టాడు.

పెడితే పెట్టాడు. కుట్లు మానాయి, అక్క బల్ల దగ్గరికి వెళ్లింది. రెండు చేతులూ పిండిలో పెట్టి ఒక్క నొక్కు నొక్కింది. అంతే! కుడివైపు రొమ్ము ఎగిరి చంకకేసి గెంతింది! నొక్కితే పైనున్న కండ బిగిసి గెంతడం, వదిలితే దిగడం. బావ ట్రే పట్టుకుని వస్తూ చూశాడు. 'ఏమేవ్! అది నాకేసి కన్ను కొట్టింది!' అన్నాడు. ట్రే కింద, బన్నులు నేల మీద. అక్క ముందు బిక్కమొహం వేసింది. తర్వాత మొదలుపెట్టింది తల్లీ నవ్వడం, పిండి మీద పడి మరీ నవ్వింది. బన్నులు ఏరుకుంటూ బావ, తలుపు పట్టుకుని నేను. ఇక ఇంట్లో అదే ఆట. బావ అలిగితే చాలు, ఎదురుగా నిలబడి రెండు అరచేతులూ కలిపి గట్టిగా నొక్కేది. మగాడు ఎంతసేపని అలుగుతాడు?

నవ్వు నవ్వే, నొప్పి నొప్పే. సాయంత్రానికి ఛాతీ పట్టేసేది. పిండి సగానికి తగ్గింది, మనిషీ సగమైంది. చివరికి నేనే లాక్కెళ్లాను. డాక్టరు చూసి, 'ఇంట్లోనే ఉంటానన్నారు, మరి పహిల్వానులా ఈ భుజాలేంటమ్మా?' అన్నాడు. అప్పుడు కక్కింది నిజం. ఆయన తల పట్టుకున్నాడు. 'ముందే చెప్పుంటే కండ పైన కుదురుతుందేమో చూసేవాణ్ణి కదా తల్లీ!' మళ్లీ కోత, మళ్లీ కుట్లు. తీసి పైన పెట్టారు. గెంతడం పోయింది, పట్టెయ్యడం పోయింది. కానీ వంగితే అంచు దగ్గర ముడతలు కనిపించేవి. 'ముడతలా? నా మొహానికి లేవేంటి!' అనేది. ఇక కన్ను కొట్టదని బావే బెంగపడ్డాడు. అలా చూడకు, అక్క పోయింది ముసలితనంతోనే. నడుం వంగేదాకా ఆ బల్ల వదల్లేదు.

ఏది మంచిదంటావా? నన్నడుగుతావేంటే, నేనేమైనా కోసేదాన్నా? నీ ఒళ్లు చూసి చెప్పేది డాక్టరమ్మ. కానీ రోజంతా కొలనులో బారలు వేస్తూ పిల్లలకి ఈత నేర్పేదానివి, ఆ సంగతి చెప్పావు కదా ఆవిడకి? తల దించుకుంటావేంటి? ఏమని చెప్పావు? ఆఫీసు పనీ? ఓసినీ! ఈత మానెయ్యమంటుందనా? ఏడవకు. కాదులే, ఏడువు. అచ్చం మా అక్కే... మా అక్కే వచ్చి కూర్చుంది...

ఆ ఫోను ఇలా ఇయ్యి. డాక్టరమ్మ నంబరేది? నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?