బంతిపూల బాట మీద వచ్చినవాడు

నా రాత నత్తనడక. తప్పులుంటే మన్నించండి.

మెక్సికోలో మాలో మేమే కాల్చుకుంటున్న రోజులవి. ఉత్తరాన పోరాటానికెళ్ళిన మా ఆయన పోయాడని కబురొచ్చింది. పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగనాడు గుమ్మం దాకా బంతిరేకులు చల్లి, ఆయనకిష్టమైనవన్నీ వండి పెట్టాను. పొద్దున్నే ఆ రేకుల మీదే నడిచొచ్చాడు.

“వచ్చావా! వాసన చూసి తృప్తిపడయ్యా. ఆత్మలు తినవుగా.”

“ఎవరే ఆత్మ? కాళ్ళు పుళ్ళు పడేలా నడిచొచ్చాను.”

“పోయామని పోయినవాళ్ళకి తెలియదట.”

“నీ మాటలు వింటుంటే ఇదీ కలేనేమోనని నాకూ అనుమానంగానే ఉంది. ఎడారిలో గుర్రం మీద కునుకు పడితే చాలు, నువ్వు మిరపకాయల పులుసు కలుపుతూ కనిపించేదానివి. లేచేసరికి నోట్లో ఇసుక.”

“పిల్లల్ని నీతో తీసుకుపోవడానికి రాలేదుగా?”

“పిచ్చిదానా, తినడానికొచ్చాను. ఇటు చూడు.”

రొట్టె కొరికాడు. దాని మీద పంటిగాట్లు చూశాకే నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఇప్పుడు నిజంగానే లేడు. ఏటా రొట్టె పెడతాను. తెల్లారాక చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూస్తాను.

దొమితిలా, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది ప్వేబ్లాలో.