రెండు సబ్‌వూఫర్లు

నెల్లూరులో సౌండ్ సిస్టమ్‌లు అమ్మే దుకాణం. మైపాడు నుంచి వచ్చిన తమ్ముడు పెద్ద సబ్‌వూఫర్ ముందు కూర్చొని పాట వింటున్నాడు. తోడొచ్చిన అక్క చెవులు మూసుకుంది.

“ఇట్టాంటివి రెండు కావాలక్కా. హాల్లో ఏ మూల కూర్చున్నా బేస్ ఒకేలా వినపడాల.”

“కూర్చునేదానికి ఎవురుండారు, నువ్వు తప్ప? నీ పెళ్లాం వినీల పుట్టింటికి పోయి నెలయింది.”

“అది పోయింది పాత సబ్‌వూఫర్ వల్లనే. చిన్నది గదా, ఊరికే గుయ్యిమనేది. ఇదైతే శుభ్రంగా ఉంటాది.”

“ఓహో. ఆ పిల్ల ఇల్లొదిలింది మోత ఎక్కువై కాదు, క్వాలిటీ తక్కువై.”

“నీకు సౌండ్ గురించి తెలీదులే.”

“నాకు తెలీదు. ఆమెకి బోగోలు బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందని నీకు తెలుసా?”

“నాకెవురూ చెప్పలా.”

“నీ ముందు నిలబడి చెప్పింది. ‘ఈ పాట అయిపోనీ’ అన్నావంట. ఇప్పుడు వాళ్ల నాయన ఇంటి నుంచే రోజూ బడికి పోతావుంది.”

తమ్ముడు జేబులోంచి ఫోన్ తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

“ఫోన్ చెయ్యి.”

“నేను చేస్తే ఎత్తడంలా.”

“నా ఫోన్లో చెయ్యి.”

అతను చేశాడు. “వదినా, ఏంది ఆ మోత?” అంది అవతల వినీల.

తమ్ముడు లేచి, సబ్‌వూఫర్ ఆపేసి, మళ్లీ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.